నీళ్ళ పాఠం ఏ పుస్తకంలో ఉంది?

(బత్తలపల్లె చదువు కేంద్రంలో ఒక బడి వాలంటీరు మాట్లాడిన మాటలు)

 

పోయిన ఏడు అయిదో తరగతిలో ఒక లెక్క ఇచ్చినాను. "ఒక కుళాయి తొట్టిని మూడు గంటల్లో నింపుతుంది. అట్లాంటివి రెండు తిప్పితే ఎంతసేపు పడుతుంది?" ఒక పిల్లోడు లేచినాడు. "సార్, మా వీధి కుళాయిలో నీళ్ళే రావు గదా! తొట్టి ఎట్లా నిండుతుంది?" అన్నాడు. పిల్లలంతా నవ్వినారు. నాకు నవ్వు రాలేదు. వాళ్ళ నాయన బోరు వేయించినాడు. నీళ్ళు పడలేదు. అప్పు మిగిలింది. కొన్నాళ్ళకు ఇంటిల్లిపాదీ బెంగుళూరు పోయినారు. బడిలో వాడి చోటు ఖాళీ అయింది.

అప్పుడు నేను లెక్క మార్చినాను. పిల్లలే బడి కప్పు కొలిచినారు. పొడవు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. అంటే 60 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మన అనంతపురం మెట్టలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మొత్తం 33,000 లీటర్లు! 15 లీటర్ల బిందెలయితే 2,200. కొంత ఆవిరైనా, కొంత కారిపోయినా, ఎన్ని బిందెలు వంకలో కలుస్తున్నాయో చూడండి.

ఇది లెక్కల పాఠం. మరి సైన్సు? మన నేల కింద బండ. బండ పగుళ్ళలోనే నీళ్ళు నిలుస్తాయి. రెండు చోట్ల ఏటవాలుగా మట్టి పోసినాము. ఒకదాని మీద గడ్డి పరిచినాము. రెండింటి మీదా చెంబెడు నీళ్ళు పోసినాము. వట్టి మట్టి కొట్టుకుపోయింది. గడ్డి ఉన్నచోట నీళ్ళు మెల్లగా ఇంకినాయి. చేనికి గట్టు ఎందుకో పిల్లలకు తెలిసింది.

సాంఘిక శాస్త్రంలో ఊరి చెరువులు, వంకలు పటం గీసినాము. తెలుగులో "చెరువు ఊరికి ఆదరువు" అనే సామెత మీద వ్యాసం రాయించినాను.

దీనికి పెద్ద పేరు ఒకటుంది. సుస్థిర అభివృద్ధి. అర్థం మీకు తెలిసిందే. ఎంత ఆకలైనా విత్తనం గింజలు తినం గదా! మన అవసరం తీరాల, రేపటి పిల్లల వాటా మిగలాల. బడుల్లో పర్యావరణం గురించి తప్పక చెప్పాలని 1991లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే ఒక పాఠం చదివి పుస్తకం మూస్తే చాలదు. అన్ని పాఠాల్లోనూ నీళ్ళు, మట్టి, చెట్టు కనపడాల.

మనవాళ్ళు ఇది చేసి చూపించినారు. 2003లో మొదలైన రైతుల భూగర్భ జలాల పథకంలో అప్పటి అనంతపురం జిల్లాతో కలిపి ఏడు జిల్లాల రైతులు పాల్గొన్నారు. వానను, బావుల్లో నీటి మట్టాన్ని తామే కొలిచి రాసుకున్నారు. ఎన్ని నీళ్ళున్నాయో లెక్క చూసుకుని ఏ పంట పెట్టాలో మాట్లాడుకున్నారు.

ఇప్పుడు మీరూ రాయగలరు. అందుకే ఒకటి అడుగుతున్నాను. మీ బోరు ఏ సంవత్సరం వేసినారు? ఎన్ని అడుగులు? ఎప్పుడు ఎండింది? ఈ మూడూ మీ చేత్తో రాసి బడికి పంపండి. పిల్లలు అవన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కిస్తారు. ఇంకొకరు బోరుకు అప్పు చేసేముందు ఆ నోటుబుక్కు తెరిచి చూసుకోవచ్చు.

బడిలో ఇంకో చోటు ఖాళీ కాకూడదు. సెలవు.

చర్చించండి:
1. మీ ఇంటి కప్పు మీద పడే వాన ఎన్ని బిందెలు?
2. మీ చేనిలో పడిన వాన ఎక్కడికి పోతోంది?