మారిషస్ ద్వీపము - సముద్ర సంపద

మారిషస్ అనగానే మనకు చెఱకు తోటలు జ్ఞప్తికి వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున కోరంగి రేవున ఓడలెక్కి ఆ తోటలకు కూలికి పోయిన తెలుగువారి సంతతి నేటికిని అచ్చట ఉన్నది. ఆ దేశపు నేల రమారమి 2,000 చదరపు కిలోమీటర్లు మాత్రమే. తనదని చెప్పుకొను సముద్రమో, సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు! నేలకు వేయి రెట్లు మించిన నీరన్నమాట.

ఇట్టి దేశము సముద్రమునే పొలముగా నెంచుటలో వింత లేదు. 2012లో మారిషస్, సీషెల్స్ దేశములు సుమారు 3,96,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భమును ఉమ్మడిగా పాలించుటకు ఒడంబడిక చేసికొన్నవి. గట్టు తగవు పెట్టుకొనక ఉమ్మడి సేద్యమునకు పూనుకొనుట వంటిదే ఇది. 2013లో మారిషస్ ప్రభుత్వము సముద్రాధారమైన ఆర్థిక ప్రణాళికను ప్రకటించెను. చేపల పరిశ్రమ, పోర్టు లూయీ రేవు, వచ్చిపోవు ఓడలకు ఇంధనము నింపుట దాని జీవనాధారములలోనివి.

కాని సముద్రము పొలము మాత్రమే కాదు, పరుల రహదారి కూడ. 2020 జూలై 25న వాకాషియో అను ఓడ ఖాళీగా బ్రెజిలుకు పోవుచు ఆగ్నేయ తీరమున పగడపు దిబ్బ నెక్కెను. ఓడ జపానువారిది, జెండా పనామాది. చేతి ఫోనులకు సంకేతము అందుననియే తీరమునకు చేరువగా నడిపిరని విచారణలో తేలినది. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల నూనె నీట కలిసెను. ప్రజలు గుడ్డ సంచులలో చెఱకు ఆకు కుక్కి, నీటిపై కట్టలుగా పఱచి నూనెను అడ్డగించిరి. జాలరుల వేట నిలిచిపోయెను.

నూనె మోయు ఓడకు ఇట్టి ప్రమాదము కలిగినచో పరిహారమునకు అంతర్జాతీయ నిధి కలదు. ఇది సరుకుల ఓడ. కారినది దాని సొంత ఇంధనము. కావున ఆ నిధి వర్తింపలేదు. నల్లబడిన నీటికి మాత్రము ఈ భేదము లేదు.

ఓడలను వద్దనుట ద్వీపమునకు సాధ్యము కాదు. తినుబియ్యము సైతము ఓడమీదనే రావలెను. కావున దారులను తీరమునకు దూరముగా జరుపుట, కావలి పెంచుట, ఓడల రాబడిలో కొంత తీరరక్షణకు కేటాయించుట - ఇవియే మార్గములని మా అభిప్రాయము.

నాడు కూలీలు ఓడలెక్కిన కోరంగి చెంత నేడు మడ అడవులున్నవి. చేరువనే కాకినాడ రేవున్నది. మారిషస్ నేర్చిన పాఠము మనకు పరాయిది కాదు.