బీడు పడిన చేను
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను కొంత సంకోచించితిని. నేను వక్తను కాను. 32 ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసికొనిన ఉపాధ్యాయుడను. అదియును గాక, ఈ గ్రంథాలయమునకు నేను ఒక విధముగా దోషిని. ఇచ్చట తీసికొనిన పుస్తకమొకటి రెండు సంవత్సరములపాటు తిరిగి ఇయ్యలేదు. ఆ పుస్తకమును సగము మాత్రమే చదివి నేను చేసిన పొరపాటును, దానిని దిద్దుకొనుటకు పట్టిన కాలమును మీకు చెప్పుకొనుటకే నేడు నిలిచితిని.

కొండక్రింద మా నాయనగారు విడిచిపోయిన నాలుగెకరముల చేను మీలో పెద్దలందరు ఎరిగినదే. తమ చివరి యిరువది యేండ్లు ఆయన అందులో వేరుశనగయే ప్రధానముగా విత్తిరి. అది ఆయన యొక్కరి తప్పు కాదు. ఆ కాలమున అనంతపురము జిల్లాలో లక్షల యెకరములలో అదియే పైరు. గింజకు ధర ఉండెను; అప్పిచ్చువారును ఆ పైరును చూచియే ఇచ్చెడివారు. అయితే చెట్టును వేరుతో పెరికి, కాయ ఒలిచి అమ్మి, కట్టెను పశువులకు వేసినప్పుడు నేలకు తిరిగి చేరునదేమి? వాలు నేల, దున్ని వదలిన మన్ను ఏటేట వానతో దిగిపోయెను. 1997లో నాయనగారు కాలము చేసిరి. ఉద్యోగరీత్యా నేను దూరమున ఉంటిని. చేను 11 ఏండ్లు బీడుపడియుండెను.

2008లో నేను వచ్చి చూచునప్పటికి పైభాగమున గరుసు తేలియున్నది. నడుమ మోకాలిలోతు గండ్లు. క్రింద, కాలు పెట్టుటకు సందు లేకుండ సీమజాలి కంప. ఈ కంప మన దేశపు చెట్టు కాదు. సముద్రములకావలి అమెరికా ఖండమునుండి తెప్పించిన విత్తనమును 1877 ప్రాంతమున మన పొరుగు కడప జిల్లాలోని కమలాపురమున నాటినట్లు అటవీశాఖవారి చరిత్రలలో ఉన్నది. ఎండిన నేలలను పచ్చపరచవలెనని తెచ్చిరి. పచ్చపరచినది, సందేహము లేదు. ఇంకొక దానిని మాత్రము పెరుగనీయలేదు.

ఆ దినములలోనే మన గ్రంథాలయమున ‘గడ్డిపరకతో విప్లవం’ నా కంటబడినది. మసనోబు ఫుకువోకా అను జపాను రైతు రచన. మాతృక 1975లో వెలువడినది. ఆయన మొక్కల తెగుళ్ళ శాస్త్రము చదివినవాడు. యొకొహామా రేవులో సుంకపు శాఖలో ఉద్యోగము చేసి, దానిని విడిచి, షికోకు ద్వీపమున తన తండ్రి పొలమునకు తిరిగి వచ్చెను. 1988లో మెగసెసే బహుమానము పొంది, 2008లో పరమపదించెను. దున్నవద్దు, తయారుచేసిన ఎరువు వేయవద్దు, కలుపు పెరుకవద్దు, మందులపై ఆధారపడవద్దు అని ఆయన మతము. పింఛను పుచ్చుకొనుచు నడుము నొప్పితో బాధపడు నావంటివానికి ఇంతకంటె ఇంపైన శాస్త్రము ఏముండును?

ఇక ఆలసింపలేదు. కంది, అలసంద, అనుము, ఆముదము, కొర్ర, వేప, కానుగ మొదలైన విత్తనములను ఎర్రమన్నుతో ఉండలు చేసి 2009లో వానకు ముందు చేనంతట విసరితిని. నేలను ముట్టలేదు. ప్రకృతియే చూచుకొనునని ఇంటికి వచ్చి కూర్చుంటిని. కొన్నింటిని చీమలు, ఎలుకలు తినివేసినవి. మిగిలినవానిని ఒక్క పెద్దవాన గండ్లవెంట ఈడ్చుకొనిపోయినది. మరుసటి యేడును అట్లే చేసితిని. నా అలసందలు నా చేనిలో గాక క్రింది వాగుగట్టున కాచినవి. ఎవరో కోసికొనిరి, మంచిదే.

పుస్తకము తప్పని నిశ్చయించుకొని, తప్పెక్కడనో చూపింపవలెనను పంతముతో మరల తెరచితిని. మొదటి భాగముననే, నేను దాటవేసిన పుటలలో, ఆయన తన సొంత ఓటమిని చెప్పుకొనియున్నాడు. తండ్రి నారింజ తోటను చేతికి తీసికొని, అంతవరకు ఏటేట కత్తిరించుచు వచ్చిన చెట్లను ఒక్కసారిగా కత్తిరింపక విడిచెను. కొమ్మలు చిక్కుపడినవి, పురుగు పట్టినది, చెట్లు చచ్చినవి. మనుష్యుడు ఒకసారి చేయి పెట్టి మార్చిన దానిని ఊరక వదలివేయుట ప్రకృతి సేద్యము కాదని, అది కేవలము విడిచిపెట్టుటయేనని ఆయన అప్పుడు గ్రహించెను. పిమ్మట అదే కొండమీద తుమ్మజాతి చెట్లు నాటి, ముల్లంగి, పచ్చిరొట్ట విత్తి, ఏండ్ల తరబడి నేలను బాగుచేసికొనెను. ‘ఏమియు చేయవద్దు’ అను మాట ఆ ఏండ్ల తరువాతి మాట. దానిని నేను మొదటి మాటగా పట్టుకొంటిని. పిల్లలు లెక్కలో మెట్లు విడిచి జవాబు మాత్రము వ్రాసినప్పుడు నేను చెవి మెలిపెట్టినవాడను!

అప్పుడు చెన్నేకొత్తపల్లి వైపు వెళ్ళితిని. అక్కడ టింబక్టు కలెక్టివ్ వారు 1990లో 32 ఎకరముల బీడును తీసికొని పని ఆరంభించిరి. వారికిని ఈ జపాను రైతు రచనయే ప్రేరణ. పిమ్మట చుట్టుపట్ల గ్రామములవారు కలిసి వేల యెకరముల బోడి కొండలను కల్పవల్లి యను పేర అడవిగా కాపాడుకొనిరి. అచ్చట చాల చెట్లు నాటినవి కావు, మోడులనుండి తామే లేచినవి. కాని ఏటేట వేసవికి ముందు గడ్డి చెక్కి నిప్పుకు అడ్డముగా దారులు తీయువారు ఉన్నారు. కాపలా తిరుగువారు ఉన్నారు. తానే పెరిగిన అడవి వెనుక ఇందరి కాళ్ళు తిరిగినవని కన్నులార చూచి వచ్చితిని.

ఇక నా లెక్కలు నాకు పనికివచ్చినవి. ఎకరముమీద ఒక అంగుళము వాన పడిన అది సుమారు ఒక లక్ష లీటర్ల నీరు. మన ప్రాంతమున ఏటికి దాదాపు 22 అంగుళములు; అనగా నా నాలుగెకరములమీద 88 లక్షల లీటర్లు. ఇంత నీరు పడుచుండగా నాది ఎండుచేను ఎట్లయినది? పడినది నిలుచుట లేదు, అంతియే. మూడు కర్రలతో ఏ-చట్రము కట్టి, నడుమ దారమునకు రాయి వ్రేలాడదీసి, వాలునకు అడ్డముగా సమమట్టపు గీతలు గుర్తించితిని. 2011 వేసవిలో ఆ గీతలవెంట అడుగున్నర లోతు కందకములు త్రవ్వించి, మన్ను క్రిందివైపు కట్టగా వేయించి, గండ్లలో రాతికట్టలు పేర్పించితిని. కట్టలమీద గ్లిరిసీడియా, ఆముదము, కంది. సీమజాలిని ఒక్కసారి తీయలేదు. కొట్టిన కొలది చిగిర్చును గనుక, ఏటికొక పట్టె చొప్పున వేరు త్రవ్వించి, ఆ కంపనే కంచెగా వేసితిని.

ఆ కంచె వలననే తగవు వచ్చినది. ఒక రాత్రి కంప తొలగి, తెల్లవారునప్పటికి మూడు వందల మొక్కలు గొర్రెల పాలయినవి. నేను మండిపడి గొర్రెలకాపరి ఇంటికి పోయితిని. ఆ వృద్ధుడు నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి, “అయివారూ, పదకొండేండ్లు అది మీకు బీడు, మాకు మేపు. మీరు దావ మూసినప్పుడు ఒక మాట చెప్పినారా?” అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. నా కాగితములలో అది ఊరకపడియున్న నేల. ఆయన గొర్రెలకు వేసవి గడచిన నేల. చివరకు తూర్పు గట్టువెంట దారియు, క్రింద అర ఎకరము గడ్డికిని వదలితిని. పంట కోసిన పిమ్మట పది రాత్రులు రెండువందల గొర్రెలను ఆయన నా చేనిలో మంద నిలుపవలెనని ఏర్పాటు. నేను చేసిన పనులన్నిటిలో నేలకు త్వరగా మేలు చేసినది ఆ మందయే. ఏ గడ్డి ఎప్పుడు మేపవలెనో, ఏది విత్తు రాల్చువరకు ఆపవలెనో నాకు తెలిపినదియు ఆయనయే.

2013లో కొర్రలో కంది సాళ్ళు వేసితిమి. అది మొదటి పంట. 2016లో రాష్ట్రమున ప్రకృతి సేద్యపు కార్యక్రమము మొదలైన తరువాత, వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యములు చల్లి ఆకుచెత్త కప్పు పద్ధతి మన వైపునకు వచ్చినది. రెండేండ్లు నేను నమ్మలేదు. విసరిన విత్తనముతో ఒకసారి దెబ్బతినినవాడను గదా! ఈసారి నేలమీద కప్పు ఉన్నది, నీరు నిలుచు కట్ట ఉన్నది. మే నెల జల్లులకే మొలిచినది.

లెక్క దాచను. మంచి యేట కొర్ర ఎకరమునకు మూడు క్వింటాళ్ళు. కంది అంతకు తక్కువ. మొదటి ఆరేండ్లు ఖర్చే గాని రాబడి లేదు. పింఛను లేకున్న నేను రెండవ యేటనే విడిచియుందును. అప్పుతో విత్తువానిని నాలుగేండ్లు ఓపిక పట్టుమని చెప్పుటకు నాకు నోరు రాదు. వానికి ఆ నాలుగేండ్లు గడుచు ఉపాయము ఎవరైన చూపవలెను. బావిలో నీరు వచ్చినదని కొందరు నన్ను పొగడుచున్నారు. ఈ నడుమ కొన్నేండ్లు వానలే బాగుగా పడినవి. ఆ పొగడ్తలో ఎక్కువ పాలు మేఘమునకు చెందవలెను. 2021 నవంబరు కుండపోతకు నా కట్టలు రెండు తెగినవని గూడ చెప్పవలెను. తెగినచోట వెంటనే రాయి వేయింపకున్న పాత గండి మరల పడియుండును.

నా కుమారుడు బెంగుళూరున ఉన్నాడు. చేను అమ్ముదమని అడుగుచున్నాడు. 1997లో నేనును దూరమున ఉండి పట్టించుకొనలేదు. అతనిని కోపించుటకు నాకు హక్కు లేదు. కాపరి మనుమరాలు గత యేడునుండి పాలునకు చేయుచున్నది. కట్టలు ఆమె చూచుకొనుచున్నది, వానమానినిలో కొలత ఆమెయే చదువుచున్నది. ఆమె పేర పదేండ్లకు కౌలు కాగితము వ్రాయుదమని అబ్బాయికి జాబు వ్రాసితిని. జవాబు రావలసియున్నది.

పుస్తకమును ఎప్పుడో తిరిగి ఇచ్చితిని గాని, ఆలస్యమునకు చెల్లింపవలసిన రుసుము నేటికిని చెల్లింపలేదు. దానికి బదులుగా 2011నుండి నేను వ్రాసిన వాన లెక్కల పుస్తకమును గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. ఏ నాడు ఎంత వాన, ఏమి విత్తితిమి, ఏది మొలువలేదు అన్నియు అందులో ఉన్నవి. వెనుక ముప్పది పుటలు ఖాళీగా ఉన్నవి. ఈ నెల వాన వానిలో ఎక్కింపవలసియున్నది గనుక, నెలాఖరున ఆ అమ్మాయి వచ్చినప్పుడు దానిని ఒక పూటకు ఇంటికి ఇయ్యవలసినదిగా కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాను.