గూడు వదిలిన గద్దపిల్ల
(ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద మనం ఎప్పుడూ యుద్ధాల గురించి, పెన్షన్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు "సుబేదార్ గారూ, మీరు రోజూ డాబా ఎక్కి చూస్తారటగా, ఆ పక్షి సంగతి చెప్పండి" అన్నారు. నేను చదివింది ఇంటర్మీడియట్. పక్షుల శాస్త్రం నాకు రాదు. కాకపోతే ఓపీ డ్యూటీ చేసినవాణ్ణి. దూర్బీన్ పెట్టుకుని గంటల తరబడి ఒకే చోట చూడడం, చూసినదాన్ని టైముతో సహా పుస్తకంలో రాయడం పల్టన్ నేర్పింది. ఆ పుస్తకం చూసే ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

గోల్ ఘర్ చూడనివాళ్ళ కోసం ఒక మాట. అండమాన్ రాజధాని శ్రీ విజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు దాకా మనం పోర్ట్ బ్లెయిర్ అన్న ఊళ్ళో, అదొక కూడలి. ఎప్పుడూ ఆటోలు, బస్సులు, జనం. అక్కడికి దగ్గర్లోనే జంగ్లీఘాట్. చేపల పడవలు వచ్చి ఆగే చోటు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మన మత్స్యకారులు అక్కడ చాలామంది. మా ఆవిడ పుట్టిల్లు అటే. రిటైరయ్యాక నేనూ అక్కడే ఉండిపోయాను.

మా డాబా మీద నుంచి చూస్తే పల్లంలో ఒక ఎత్తయిన చెట్టుంది. ఏ వీధిలోనో చెప్పను, చెబితే రేపే కెమెరాలతో తయారవుతారు. దాని కొమ్మల మధ్య తెల్లపొట్ట సముద్రపు గద్దల గూడుంది. గూడంటే చిన్నది కాదు, మంచమంత పుల్లల మోపు. ఒకే గూటికి ఏటేటా పుల్లలు చేరుస్తూ పోతాయి. రెక్కలు చాస్తే ఈ గద్ద రెండు మీటర్ల దాకా ఉంటుంది. తల, పొట్ట తెలుపు, వీపు బూడిద రంగు. ఆడది మగదాని కంటే పెద్దది.

నేవీ తమ్ముళ్ళకు ఈ పక్షిని నేను పరిచయం చెయ్యక్కర్లేదు. 1985లో పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టిన నావికా విమాన స్థావరం పేరు ఉత్క్రోశ్. చేపలు పట్టే గద్దకు అది సంస్కృతంలో ఉన్న పేరు. గట్టిగా అరవడం అనే అర్థం కూడా ఉంది. 2019లో దిగ్లీపూర్ దగ్గర శిబ్‌పూర్ స్థావరానికి పెట్టిన కొహాసా అన్న పేరు కూడా ఈ గద్దదే. మన గేట్ల మీద దీని పేరు రాసుకున్నాం గానీ, ఇది పిల్లల్ని ఎలా పెంచుతుందో చూసినవాళ్ళు మనలో తక్కువ.

2022 నవంబరులో జంట గూడు సర్దుకుంది. మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. పొదగడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. జనవరిలో రెండు తెల్లటి తలలు కనిపించాయి. ఫిబ్రవరికి ఒకటే మిగిలింది. ఈ జాతిలో అది తరచు జరిగేదే. మిగిలిన పిల్ల డెబ్భై ఎనభై రోజులు గూట్లో ఉంటుంది. మార్చి రెండో వారంలో గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకోవడం మొదలెట్టింది. రంగ్‌రూట్లు పీటీ చేసినట్టే, పొద్దున ఒక దఫా, సాయంత్రం ఒక దఫా. మార్చి 17న, పొద్దున ఏడు దాటాక, ఎగిరింది. ఎగిరిందనడం కంటే జారిందనాలి. పక్క చెట్టు కొమ్మ మీద పడి, తలకిందులుగా వేలాడి, ఎలాగో నిలదొక్కుకుంది.

మా ఇంట్లో ఆ రోజు పాయసం చేశారు. అందరూ "ఇంక పని అయిపోయింది" అన్నారు. నేనూ దూర్బీన్ తుడిచి బీరువాలో పెట్టేవాణ్ణే. మా మామగారు అడ్డుపడ్డారు. ఆయన నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగిన మనిషి. "బాబూ, ఎగిరితే ఏటవుద్ది? తిండి సంపాదించాల గదా. ఇప్పుడు సూడు అసలు పని" అన్నారు.

ఆయన అన్నది నిజం. గూట్లో ఉన్నన్నాళ్ళు పిల్లకు ఎండా వానా తప్ప పెద్ద బాధ లేదు. బయటికి వచ్చిన మొదటి రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. అయిదో రోజు కాకుల గుంపు తరిమితే మా వీధి చివర కొబ్బరిచెట్ల మధ్య నేల మీద పడింది. రెక్కలు పరుచుకుని, నోరు తెరుచుకుని కూర్చుంది. కుర్రాళ్ళు గోనెసంచీ, బుట్ట తెచ్చారు. ఇంటికి తీసుకుపోయి చేపలు పెట్టి పెంచుతామని ఒకడు, ఫోటో తీసి పేపరువాళ్ళకు ఇద్దామని ఒకడు. మామగారు కర్ర అడ్డం పెట్టారు. "దాన్ని ముట్టుకోకండర్రా! తల్లి పైనే ఉంది, సూడండి" అని అరిచారు. నిజమే, పైన రెండూ తిరుగుతున్నాయి. బాతు అరిచినట్టు ఒకటే కేకలు.

సరే, సెంట్రీ డ్యూటీ నేను తీసుకున్నాను. ఇరవై గజాల దూరంలో కుర్చీ వేసుకుని కుక్కల్ని, మనుషుల్ని ఆపడమే పని. రెండున్నర గంటలు పట్టింది. పిల్ల మెల్లగా నడిచి గోడ దగ్గరికి వెళ్ళింది. గోడ ఎక్కింది. అక్కడి నుంచి వంగిన కొబ్బరిచెట్టు మీదికి ఎగబాకింది. సాయంత్రం గాలి తిరిగాక ఒక్క ఊపున లేచి పెద్ద చెట్టు చేరింది. చీకటి పడకముందే తండ్రి చేప తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు బుట్టలో వేసుంటే ఈ కథ అక్కడితో ఆగేది. మనిషి చేతిలో పెరిగిన గద్దకు వేట రాదు. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. నిజంగా రెక్క విరిగో, నెత్తురు కారుతూనో ఉంటే అటవీ శాఖకు ఫోన్ చెయ్యాలి. లేకపోతే మనం చెయ్యగలిగింది కాపలా ఒక్కటే.

ఏప్రిల్ నెల పేజీలే నాకు ఎక్కువ ఇష్టం. మొదట్లో తల్లీ తండ్రీ రోజుకు నాలుగైదు సార్లు చేప తెచ్చేవారు. పిల్ల గూటికి వచ్చి తినేది. నెలాఖరుకు అది రెండుసార్లకు పడిపోయింది. తల్లి చేపను కాళ్ళ కింద పెట్టుకుని దూరంగా కూర్చునేది. పిల్ల కొమ్మ మీద నుంచి గొంతు చించుకుని అరిచేది. వీధంతా వినబడేది. ఉత్క్రోశ్ అన్న పేరు ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. మా ఆవిడ "ఆ తల్లికి జాలి లేదండీ" అనేది. పిల్ల ఎగిరి దగ్గరికి వెళ్తే తల్లి చేప పట్టుకుని ఇంకో చెట్టుకు పోయేది. మూడు చెట్లు తిరిగాక గానీ ముక్క దొరికేది కాదు. తల్లి కావాలనే నేర్పుతోందో, తిండి మోసి మోసి విసిగిందో నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఫలితం మాత్రం చూశాను. మార్చిలో కొమ్మ మీద సరిగా వాలలేని పిల్ల మే మొదటి వారానికి గాల్లోనే పల్టీ కొట్టి తల్లి కాళ్ళకు ఎదురెళ్ళేది.

ఆటలూ ఆడేది. నీళ్ళ మీద తేలే కొబ్బరిడొక్క మీదికి దూకి, పట్టుకుని, పైకి లేచి వదిలేసేది. మళ్ళీ అదే డొక్క. ఉస్తాద్ లేకుండా ఫైరింగ్ రేంజ్‌లో డ్రై ప్రాక్టీస్ చేసినట్టు. ఈ గద్ద నీళ్ళలో మునగదు, పైపైన ఉన్న చేపనే కాళ్ళతో ఎత్తుతుంది. అందుకు ఎత్తు, వేగం, కాలు చాచే క్షణం మూడూ కలవాలి. జంగ్లీఘాట్‌లో పడవలవాళ్ళు పారేసిన చేపముక్కలు ఎత్తడం ముందు వచ్చింది. బతికున్న చేప ఇంకా రాలేదు.

అక్కడే నాకు బెంగ పట్టుకుంది. మే మూడో వారం దాటితే అండమాన్‌కు నైరుతి వస్తుంది. వానలో, అలల మీద చేప కనబడదు. పిల్లకు నెల కూడా లేదు. ఇంట్లోవాళ్ళు నవ్వేవారు, "మన అబ్బాయి ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కూడా ఇంత కంగారు పడలేదు" అని.

ఈ సందర్భంలో భైరి డేగ గురించి చెప్పాలి. ప్రపంచంలో అన్నిటికంటే వేగంగా దూకే పక్షి అదే, దూకుడులో గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. క్యాంప్‌బెల్ బేలో 2012లో పెట్టిన స్థావరం పేరు బాజ్, అంటే డేగే. చలికాలంలో ఉత్తరాన రష్యా మంచు మైదానాల్లో పుట్టిన భైరీలు మన తీరాలకు వస్తాయి. ఒక డిసెంబరులో గోల్ ఘర్ టవర్ మీద ఒకటి కనిపించింది. గోధుమ రంగు వీపు, ఛాతీ మీద నిలువు గీతలు. పెద్దవాటికి అడ్డ గీతలుంటాయి. అంటే అది ఆ ఏడు పుట్టిన పిల్ల. భైరి పిల్ల సుమారు ఆరు వారాలకు గూడు వదులుతుంది. మరో అయిదారు వారాలు తల్లిదండ్రులు గాల్లో పిట్టను జారవిడుస్తుంటే కింద అందుకుంటుంది. అంతే ట్రైనింగ్. తర్వాత వేల కిలోమీటర్లు ఒంటరిగా వస్తుంది, దారి చూపే పెద్దదిక్కు లేకుండా. మొదటి ఏడాదిలోనే సగానికి పైగా చచ్చిపోతాయి.

అమెరికాలో డీడీటీ వల్ల గుడ్ల పెంకులు పలచబడి, తూర్పు రాష్ట్రాల్లో భైరి పూర్తిగా పోయింది. 1970లో టామ్ కేడ్ అనే కార్నెల్ ప్రొఫెసర్ పెరిగ్రిన్ ఫండ్ స్థాపించాడు. 1972లో డీడీటీని నిషేధించారు. పెంచిన పిల్లల్ని కొండల మీద, టవర్ల మీద పెట్టెల్లో ఉంచి, మనిషి కనబడకుండా గొట్టంలోంచి తిండి జారవిడిచి, పెట్టె తెరిచి వదిలేవారు. తల్లి లేదు గనక, గూడు వదిలాక వారాల తరబడి కుర్రాళ్ళు దూరంగా టెంటు వేసుకుని కాపలా కాశారు. ఎన్నోచోట్ల రాత్రిపూట పెద్ద గుడ్లగూబలు ఆ పిల్లల్ని చంపేశాయి. అయినా నాలుగు వేలకు పైగా వదిలారు. 1999లో భైరిని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు. రెండున్నర గంటలు కుర్చీ వేసుకున్న నేను ఆ టెంటు కుర్రాళ్ళకు సెల్యూట్ కొడతాను.

మళ్ళీ మన పిల్ల దగ్గరికి. మే 24న వాన పట్టింది. మూడు రోజులు కనబడలేదు. నాలుగో రోజు మామగారు, నేను స్కూటర్ మీద సిప్పీఘాట్ వెళ్ళాం. 2004 సునామీ, భూకంపంతో అక్కడి నేల కుంగి, పొలాల్లోకి సముద్రం వచ్చి, ఉప్పునీటి మడుగులయ్యాయి. రైతులకు కన్నీళ్ళు మిగిల్చిన ఆ నీళ్ళే పక్షులకు మేతయ్యాయి. అలలు లేని లోతు తక్కువ నీళ్ళు. ఎండిన చెట్టు మోడు మీద గోధుమ రంగు గద్దపిల్ల తడిసి కూర్చుంది. కుడి రెక్కలో ఒక ఈక విరిగి ఉంది, కాకుల రోజున విరిగిన ఈక. మాదే.

గంటంపావు చూశాం. రెండుసార్లు దూకి ఖాళీగా లేచింది. మూడోసారి కాళ్ళ మధ్య వెండిలా మెరిసింది. మామగారు తొడ చరిచి "పట్టిందిరా!" అని అరిస్తే పక్కనున్న కొంగలన్నీ లేచిపోయాయి.

పుస్తకంలో దాని గురించి చివరి పద్దు జూన్ 11ది: "సిప్పీఘాట్. 0640. ఒక్కటే. చేప తింటోంది. తల్లిదండ్రులు లేరు." తర్వాత కనబడలేదు. నవంబరులో జంట మళ్ళీ పాత గూటికి పుల్లలు మోసింది. ఈ పిల్లలకు పెద్దవాటి తెల్ల రంగు రావడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. ఈమధ్య చాథం వైపు, పొట్ట సగం తెల్లబడిన గద్ద ఒకటి తిరుగుతోంది. దూర్బీన్ ఇస్తే మామగారు అదేనంటారు. విరిగిన ఈక ఎప్పుడో రాలి కొత్తది వచ్చుంటుంది, గుర్తు పట్టడానికి ఇంకేమీ లేదు. నేను పుస్తకంలో "సముద్రపు గద్ద, ఒకటి, వయసు సుమారు మూడేళ్ళు" అని మాత్రమే రాశాను.