తొమ్మిది ఎత్తుల ఆట



చదరంగం గురించి రేడియోలో మాట్లాడడం కొంచెం సాహసమే. కంటితో చూడవలసిన ఆటను చెవికి వినిపించాలి. అయినా ఈనాడు నేను చెప్పబోయే ఆట తొమ్మిది ఎత్తుల్లో ముగిసిపోయింది కాబట్టి ధైర్యం చేస్తున్నాను. ఇంట్లో చదరంగం బల్ల ఉన్నవారు ముందు పెట్టుకోండి. లేనివారు ఊరికే వినండి, చాలు.

ముందుగా పావుల పేర్లు. మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు బళ్ళలో పిల్లలకు పేర్ల దగ్గరే తగవు మొదలవుతుంది. మనం మంత్రి అనే పావును తమిళంలో రాణి అంటారు. మంత్రి అనే మాటను మన శకటుకు వాడతారు. ఆ శకటునే కన్నడం నేర్చిన పిల్లలు ఒంటె అంటారు. "నీ మంత్రి పోయింది" అని ఒకడంటే, రెండోవాడు ఇంకేదో పావు కోసం వెతుకుతాడు. ఈ ప్రసంగంలో మాత్రం మన ఇళ్ళలో వాడే పేర్లే చెబుతాను. రాజు, మంత్రి, శకటు, గుర్రం, ఏనుగు, బంటు.

ఇక ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో చెప్పాలి. మా బడిలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, తనకన్నా చాలా బలమైన అబ్బాయితో ఒక పోటీలో పావుగంట ఆట ఆడి ఓడిపోయింది. ఓడిపోవడం తప్పు కాదు. కాని ఆట ముగిసేసరికి ఆ పిల్ల గడియారంలో ఇంకా పది నిమిషాలు మిగిలే ఉన్నాయి. "ఎందుకమ్మా అంత తొందర?" అని అడిగాను. "అతను టపటపా వేసేస్తున్నాడు సార్. నేను ఆలోచిస్తూ కూర్చుంటే బాగుండదనిపించింది" అంది. కాసేపాగి, "ఇంక నేను ఆడను సార్" అని కూడా అంది.

ఆ అమ్మాయికి చూపించడానికి నేను ఎంచుకున్న ఆటే ఇది.

అంతర్జాతీయ చదరంగ సమాఖ్య నియమాల ప్రకారం, ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి, గంటకు లోపు సమయం ఇస్తే అది ర్యాపిడ్ ఆట. పది నిమిషాలు, అంతకన్నా తక్కువ అయితే బ్లిట్జ్. మన కోనేరు హంపి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్క్‌లోను మహిళల ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. ఆ పోటీల్లో ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ మరో 10 సెకన్లు ఇస్తారు.

నేను చెప్పే ఆట ఇంతకన్నా చాలా వేగమైనది. 2013 నవంబరులో చెన్నైలో మన విశ్వనాథన్ ఆనంద్‌ను ఓడించి, నార్వే దేశస్థుడు మాగ్నస్ కార్ల్‌సన్ ప్రపంచ విజేత అయ్యాడు. రెండు నెలల తరువాత, 2014 జనవరిలో, ఒక టెలివిజన్ కార్యక్రమంలో ఆయన మైక్రోసాఫ్ట్ సంస్థాపకుల్లో ఒకరైన బిల్ గేట్స్‌తో ఆడాడు. బలాల్లో తేడా ఉందని గడియారాన్ని కొంచెం సర్దారు. గేట్స్‌కు రెండు నిమిషాలు, కార్ల్‌సన్‌కు అర నిమిషం. తెల్ల పావులు గేట్స్‌వి.

గేట్స్ రాజు ముందున్న బంటును రెండు గళ్ళు జరిపాడు. కార్ల్‌సన్ మంత్రి వైపు గుర్రాన్ని బయటికి తెచ్చాడు. గేట్స్ రాజు వైపు గుర్రాన్ని తెచ్చాడు. నల్లవారి మంత్రి ముందున్న బంటు రెండు గళ్ళు ముందుకొచ్చి, తెల్ల బంటును సవాలు చేసింది. మూడో ఎత్తులో గేట్స్ తన శకటును తెచ్చి, సొంత మంత్రి బంటుకు సరిగ్గా ఎదురుగా నిలబెట్టాడు. దానితో ఆ బంటు కదలలేదు, దాని వెనక ఉన్న రెండో శకటుకు కూడా దారి మూసుకుపోయింది. కొత్తగా నేర్చుకున్నవారు తరచుగా చేసే పొరపాటు ఇది. దీనితో ఆట పోదు కాని, ఇల్లు ఇరుకవుతుంది. కార్ల్‌సన్ రెండో గుర్రాన్ని కూడా బయటికి తెచ్చాడు.

నాలుగో ఎత్తులో బంట్లు మార్చుకున్నారు. నల్ల మంత్రి నడిబల్ల మీదికి వచ్చింది. ఐదో ఎత్తులో గేట్స్ రెండో గుర్రంతో ఆ మంత్రిని తరిమాడు. మంచి ఎత్తే. కాని తరిమిన మంత్రి ఎక్కడికి పోయింది? తెల్లరాజు ఉండే వైపు, బల్ల అంచుకు. ఆరో ఎత్తులో గేట్స్ కోట కట్టుకున్నాడు. అంటే రాజు మూలకు వెళ్ళాడు. ఆ మూలకు ఎదురుగానే మంత్రి కాచుకుని ఉంది. కార్ల్‌సన్ శకటును తెచ్చి తెల్లగుర్రానికి గురిపెట్టాడు. ఆ గుర్రం వెనక తెల్లమంత్రి ఉంది. గుర్రం కదిలితే మంత్రి పోతుంది.

ఏడో ఎత్తులో గేట్స్ అంచు బంటును ఒక గడి జరిపి శకటును బెదిరించాడు. కార్ల్‌సన్ శకటును వెనక్కు తీయలేదు. దాన్ని అలాగే వదిలేసి, ఇంకో గుర్రాన్ని నడిబల్ల మీదికి తెచ్చాడు.

శ్రోతలారా, ఆటంతా ఇక్కడే ఉంది. బల్ల మీద ఒక శకటు ఉచితంగా కనబడుతోంది. ఇది లాభమా, ఎరా? తెల్లవారు తమ శకటును ఒక గడి వెనక్కు తెచ్చి, గుర్రం పక్కన కాపుగా నిలబెడితే సరిపోయేది. పావులు మార్చుకున్నాక మంత్రులు రెండూ బల్ల దిగేవి, ఆట దాదాపు సమంగా సాగేది. కాని గేట్స్ బంటుతో శకటును తినేశాడు. కార్ల్‌సన్ గుర్రంతో ఆ బంటును తిన్నాడు. ఇప్పుడు నల్లమంత్రి నుంచి తెల్లరాజు మూల దాకా వీధి తెరుచుకుంది. అయినా ఆ వాకిలికి ఒక కావలి ఉంది. అది గేట్స్ గుర్రమే. తొమ్మిదో ఎత్తులో ఆ గుర్రం నడిబల్ల మీది నల్లగుర్రాన్ని తినడానికి వెళ్ళిపోయింది. కావలి పోయింది. నల్లమంత్రి రాజుకు ఏటవాలుగా ముందున్న గడిలోకి దిగింది. ఆటకట్టు.

గేట్స్ ఎనిమిదో ఎత్తులో ఒక శకటును, తొమ్మిదో ఎత్తులో ఒక గుర్రాన్ని సంపాదించాడు. లెక్కకు ఆయనే లాభంలో ఉన్నాడు. ఆట మాత్రం పోయింది. ఆ తొమ్మిదో ఎత్తులో ఏనుగును పక్కకు జరిపి రాజుకు ఒక దారి ఇచ్చి ఉంటే, గెలిచేవాడని చెప్పను, కాని వెంటనే ఆటకట్టు పడేది కాదు.

ఇంకో లెక్క కూడా చూడండి. ఆట మొత్తం ఒకటిన్నర నిమిషం పట్టలేదు. గేట్స్ ఓడిపోయేసరికి ఆయన గడియారంలో ఇంకా అర నిమిషానికి పైగా ఉంది. అంటే అవతలివాడికి మొదట్లో ఇచ్చిన మొత్తం సమయం కన్నా ఎక్కువ ఈయన దగ్గర వాడకుండా మిగిలిపోయింది. బలవంతుడు వేగంగా ఆడగలడు. అలాంటి పరిస్థితులు వేలసార్లు చూసిన కన్ను అతనిది. ఆ వేగం అతని సొత్తు. దాన్ని చూసి మనమూ పరుగెత్తితే, అతని గడియారంతో మనం ఆడినట్లు.

బలాల్లో తేడా నిజమే. రేటింగు లెక్కలో 200 అంకెల తేడా ఉంటే, పైవాడికి నాలుగు ఆటల్లో సుమారు మూడు పాయింట్లు రావాలి. కాని నాలుగుకు నాలుగూ కాదు. మిగిలిన ఆ ఒక్కటి కిందివాడిదే. 2022 ఫిబ్రవరిలో ఇదే కార్ల్‌సన్‌ను, అప్పటికి పదహారేళ్ళ వయసున్న చెన్నై అబ్బాయి ప్రజ్ఞానంద, ఇంటర్నెట్‌లో జరిగిన ర్యాపిడ్ పోటీలో నల్ల పావులతో 39 ఎత్తుల్లో ఓడించాడు. ఇద్దరికీ మధ్య తేడా సుమారు 250 అంకెలు. కార్ల్‌సన్ పొరపాటు చేసిన చోట ఆ అబ్బాయి దాన్ని పట్టుకున్నాడు. ఎదురుగా ప్రపంచ విజేత కూర్చున్నాడని బల్ల మీద ఉన్నది కనబడకుండా పోలేదు.

మా అమ్మాయి ఈ తొమ్మిది ఎత్తుల ఆటను బల్ల మీద మూడుసార్లు ఆడి చూసింది. మూడోసారి ఎనిమిదో ఎత్తు దగ్గర ఆగి, "సార్, ఇక్కడ ఆయనకు ఇంకా టైం ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "మరి ఎందుకు ఆగలేదు?" అంది. నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న తనను తానే అడుగుతున్నట్లు నాకు అనిపించింది.

నిజానికి ఆ ప్రశ్న నాకు కూడా తగిలింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంకో భాషలో చదువుతారు. ప్రశ్న ఒక భాషలో విని, మనసులో ఇంకో భాషలో తిప్పుకుని జవాబు చెప్పడానికి కొందరికి నాలుగు క్షణాలు ఎక్కువ పడుతుంది. ఇన్నేళ్ళుగా నేను ముందు చెయ్యెత్తినవాడికే అవకాశం ఇస్తూ వచ్చాను. మిగతావారికి తెలియదనుకున్నాను. వారి గడియారంలో ఉన్న సమయాన్ని నేనే లాగేసుకున్నానేమో. ఇప్పుడు ప్రశ్న అడిగాక, మనసులో పది లెక్కపెట్టి గాని ఎవరి పేరూ పిలవడం లేదు. ఈమధ్య వెనక బెంచీల నుంచి కూడా చేతులు లేస్తున్నాయి.

మీ ఇంట్లో చదరంగం ఆడే పిల్లలుంటే, తమకన్నా బలమైన వారితో తప్పకుండా ఆడనివ్వండి. ఓడిపోయి వచ్చినప్పుడు, "ఎన్ని ఎత్తుల్లో ఓడావు?" అని అడగకండి. "నీ గడియారంలో ఎంత మిగిలింది?" అని అడగండి. అడిగి, ఆ ఆటను బల్ల మీద మళ్ళీ పేర్చమనండి.

మా అమ్మాయి వచ్చే నెల పోటీకి పేరిచ్చింది. గెలుస్తుందో లేదో నేను చెప్పలేను. ఈసారి తన సమయం తాను వాడుకుంటే నాకు అదే చాలు.