చలికాలములో ఇల్లు మారేవారికి



డిసెంబరు నడిమికి ధనుర్మాసము మొదలవుతుంది. సంక్రాంతి దాటేవరకు ఇల్లు మారకూడదని మన ఊళ్లలో పట్టింపు. ఓనరుకు ఖాళీ చేస్తామని మాట ఇచ్చికూడ, “ఈ నెల పోనివ్వండి అయ్యగారూ” అంటారు మన విశ్వాసులు. ప్రియులారా, ఆ ఇంట్లోకి రావలసిన మరో కుటుంబము సామాను కట్టుకొని కూర్చున్నది గదా! నెలలను కలుగజేసినవాడు దేవుడే. గలతీ సంఘము రోజులు, నెలలు పట్టించుకుంటున్నదని పౌలు ఎంతో కలవరపడ్డాడు (గలతీ 4:10, 11).

అయితే చలికాలము కష్టము కాదని నేననను. మత్తయి 24:20 తీసి చూడండి. యూదయ విడిచి పారిపోవలసివచ్చినప్పుడు అది చలికాలము కాకూడదని ప్రార్థించమన్నాడు ప్రభువు. ఆ దేశములో వానలు చలికాలములోనే. దారులు బురద, వాగులు పొంగు. చంటిపిల్లల తల్లులను తలచుకొనే ప్రభువు ఆ మాట అన్నాడు. చెరసాలలోనున్న పౌలు సహితము త్రోయలో విడిచివచ్చిన అంగీ తెమ్మని, చలికాలమునకు ముందే రమ్మని తిమోతిని కోరాడు (2 తిమోతి 4:13, 21). అపొస్తలుడికైనా చలి చలే!

మీ సంఘములో ఈ నెల ఎవరైనా ఇల్లు మారుతున్నారా? ముఖ్యముగా ఒంటరి విధవరాలా? ప్రార్థన చేసి వచ్చేయకండి, మంచము ఒక పక్క పట్టండి. దుప్పట్లు, మందులు ఆటోలో చివర ఎక్కించి ముందు దించండి. స్టౌ బిగించేసరికి రాత్రవుతుంది గనుక అన్నము, కూర మీ ఇంటినుండే పంపండి. గృహప్రవేశ కూడిక మరునాడు పెట్టుకోవచ్చు.