వెనక సీట్లో కూర్చునే మనిషి

నాకు ముందు మాట్లాడినవారు ఆస్తి హక్కు గురించీ, మనోవర్తి గురించీ చెప్పారు. నన్నేమో స్కూటరు గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. ఈ హాల్లో చాలామంది ఇవాళ ఎవరో ఒకరి బండి వెనక కూర్చునే వచ్చుంటారు.

నేను పదిహేనేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠీకి బండి మీదే ఉద్యోగానికి వెళ్తున్నాను. మలక్‌పేట రైలు వంతెన కింద గట్టి వాన పడితే నీళ్ళు నిలుస్తాయి. చాదర్‌ఘాట్ దగ్గర బస్సూ, ఆటో, మనమూ అందరం ఒకే సందులో దూరాలని చూస్తాం. అక్కడ నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. ఆగిన బస్సుకి ఎడమ పక్కనుంచి దూరకూడదు, జనం దిగేది అటే. బస్సుని ఆనుకుని పోకూడదు. దాని అద్దంలో డ్రైవరు మొహం మనకి కనపడలేదంటే మనం ఆయనకి కనపడనట్టే. మలుపు తిరిగేముందు ఇండికేటరు వెయ్యాలి, తిరిగాక ఆర్పాలి. ఈ మర్యాదలు ఆడా మగా అందరికీ ఒకటే.

మనకి మాత్రం ఇంకొకటి అదనంగా నేర్పుతారు, దారి వదిలెయ్యడం. ఒక మగవాణ్ణి దాటి వెళ్ళామా, వాడికి పౌరుషం వచ్చేస్తుంది. రెండు సిగ్నళ్ళ దాకా హారను కొడుతూ వెంటపడతాడు. నేను పక్కకి ఆపి వాణ్ణి పోనిస్తాను. భయపడి కాదు, వాడి పౌరుషానికి నా మోకాళ్ళు బలి చెయ్యడం ఇష్టం లేక.

సరే, అసలు చెప్పదలచుకున్నది బండి నడిపేవాళ్ళ గురించి కాదు. మా పక్కింటావిడ భర్త వెనక ఒక పక్కకి కూర్చుని వెళ్తుంటే కొంగు చక్రంలో పడింది. ట్రాఫిక్కులో బండి మెల్లగానే పోతోంది, అయినా లాగేసింది. ఆయనకి హెల్మెట్టు ఉంది, ఆవిడకి లేదు. రెండు నెలలు మంచం మీద ఉంది. చూడవచ్చిన వాళ్ళంతా ఒకటే మాట: “కొంగు చూసుకోవద్దటమ్మా!”

కొంగు ఆవిడదే. మరి చక్రానికి ఉండాల్సిన గార్డు ఎవరిది? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చదవండి. వెనక కూర్చునేవారికి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకునే చోటు ఉండాలి, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే అడ్డు ఉండాలి. వాళ్ళ బండికి కొన్నప్పుడు ఉంది. అందం చెడుతోందని కొడుకు విప్పించి అటక మీద పడేశాడు.

హెల్మెట్టు కథా అంతే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను వెనక కూర్చున్నవారికీ వర్తిస్తుంది. అయినా ఢిల్లీలో 1999లో ఆడవాళ్ళకి హెల్మెట్టు ఇష్టమైతేనే అన్నారు. సిక్కుల అభ్యంతరం మీద మొదలైన మినహాయింపు ఆడవాళ్ళందరికీ పాకింది. 2014లో గానీ దాన్ని మార్చలేదు. మినహాయింపంటే మనకేదో గౌరవం అనుకుంటాం. ఆ పదిహేనేళ్ళూ అది జరిమానా పడని తల, అంతే.

ఇక బీమా. చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, వెనక ఊరికే ఎక్కించుకున్న మనిషికి బీమా కంపెనీ బాధ్యత వహించదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ అయితే వెనకవాళ్ళకీ రక్షణ ఉంటుంది. పక్కింటాయన ఏళ్ళ తరబడి చౌకదే కట్టాడు. ఆవిడకి ఆ కాగితం ఎక్కడుందో కూడా తెలియదు. మీలో ఎంతమంది చూశారు? ఇవాళ ఇంటికెళ్ళి బీరువాలోంచి తీసి చదవండి. చదవడం రాకపోతే పిల్లలతో చదివించుకోండి.

ఆవిడ ఇప్పుడు బాగానే తిరుగుతోంది. అటక ఎక్కి గార్డు తనే దించి, మెకానిక్కు దగ్గర దగ్గరుండి బిగింపించుకుంది. సొంతంగా ఒక హెల్మెట్టు కొనుక్కుంది. పంజాబీ డ్రస్సు వేసుకుని, కాళ్ళు రెండు పక్కలా వేసి కూర్చుంటోంది. అత్తగారు మూడు రోజులు మాట్లాడలేదట.