రెండు కోళ్లు, ఒక్క మంద
(షాద్‌నగర్ ప్రాంత పెరటికోళ్ల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



షాద్‌నగర్ అంటే బయటివాళ్లకు కోళ్ల షెడ్లే యాదికొస్తయి. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, ధర కంపెనీది. షెడ్డు, కరెంటు బిల్లు, చాకిరీ మనవి. ఆ లెక్క ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇయ్యాల ముచ్చట ఇంటి వెనుక తిరిగే ఊరకోడిది. దాని పైసలు నేరుగా ఆడమనిషి చేతికే వస్తయి, అందుకే దీన్ని చిన్న విషయమనుకోవద్దు.

ఊరకోడి 10-12 గుడ్లు పెట్టి పొదుగుకు కూచుంటది. 21 రోజులు పొదుగు, ఆ తర్వాత రెండు నెలల దాకా పిల్లల వెంట తిరుగుడు. అన్ని రోజులూ గుడ్డు ఉండదు. ఏడాదికి 60 గుడ్లు దాటకపోవడానికి ఇదో పెద్ద కారణం. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు ఎక్కువ గుడ్లు పెడతయి గానీ పొదుగుకు కూచోవు. కరెంటు మిషన్ లేని ఇంట్ల పిల్లను చేసేది ఊరకోడే.

అందుకే రెండు కోళ్లను ఒక్కనాడే పొదగెయ్యాలె. ముందు కూచున్నదాని కింద రెండు పాత గుడ్లు ఉంచితే నాలుగైదు రోజులు అట్లనే ఉంటది. రెండోది కూచున్నంక, రెండింటికీ ఒకే రాత్రి తాజా గుడ్లు పెట్టాలె. వారం దాటిన గుడ్డు వద్దు. ఎండకాలంలో మూడు నాలుగు రోజులు దాటినా వద్దు. గుడ్లకు బొగ్గుతో గీత గీయండి, వేరే కోడి వచ్చి కొత్త గుడ్డు పెట్టిపోతే తెలుస్తది. గంపలు పక్కపక్కనే ఉంచితే రెండూ ఒకే గంపలో దూరుతయి, రెండో గంప గుడ్లు చల్లారిపోతయి. నడుమ గోనెసంచి అయినా కట్టండి. ఏడో రోజు రాత్రి టార్చిలైటు పెట్టి చూసి, నెత్తుటి నరాలు కనబడని గుడ్లు తీసెయ్యండి.

పిల్లలు బయటపడ్డాక కొందరు అన్నింటినీ ఒక్క కోడికే అప్పజెప్తరు. రెండోది తొందరగా మళ్లీ గుడ్లకు వస్తది, లాభమే. అయితే ఆ మార్పు మొదటి రెండు రోజుల్లో, చీకట్లో జరగాలె. ఒక కోడి రెక్కల కింద 12-15 పిల్లలకు మించి పట్టవు, చలికాలంలో పదే. నన్నడిగితే, ఒక్కోదానికి పదేసి పిల్లలుంటే రెండింటినీ కలిపే తిప్పండి. గద్దను కనిపెట్టేందుకు నాలుగు కండ్లుంటయి. మొదటి మూడు నాలుగు రోజులు ఒకదానికొకటి కనబడేటట్టు వేర్వేరు గంపల కింద మూసి, ఆనక సాయంత్రం పూట కలిపి విడవాలె. నూకలు రెండు చోట్ల చల్లండి. నీళ్ల మూకుట్ల గులకరాళ్లు వెయ్యండి, లేకుంటే పిల్లలు మునుగుతయి. ఒకదాని పిల్లలు వారం పెద్దవైతే మాత్రం కలపొద్దు, పెద్ద పిల్లల తల్లి చిన్నవాటిని పొడుస్తది. అసీలు రక్తమున్న కోడి మంచి తల్లే, కానీ ఇంకో కోడిని ఓర్వదు. దాన్ని విడిగా ఉంచుడే మేలు.

ఇగ అసలు మాట. కొక్కెర తెగులు వచ్చిందంటే గంపలన్నీ ఖాళీ. టీకా ఉంది: 5-7 రోజుల వయసులో కంట్లో ఒక చుక్క లసోటా, 28వ రోజు మళ్లీ ఒకసారి, ఎనిమిది వారాలు దాటినంక రెక్క కింద ఆర్2బి సూది. కానీ సీసాలో వంద, రెండు వందల డోసులుంటయి. కలిపినంక రెండు గంటల లోపల వాడెయ్యాలె, అదీ మంచులో పెట్టి. నీ ఇంటి పది పిల్లల కోసం సీసా ఎవరు విప్పుతరు? పది ఇండ్లల్లో రెండేసి కోళ్లు ఒకే రోజు పొదగేస్తే రెండు వందల పిల్లలు ఒకే వయసువి. అప్పుడు సీసా వృథా అనే సాకు ఏ దవాఖానా చెప్పలేదు.

కాబట్టి కోడి పొదుగుకు వచ్చినవాళ్లు పోయేముందు పేరు, ఊరు రాయించండి. ఊరికొక తేదీ ఖాయం చేసుకుందాం. పొదగేసిన నాటి నుంచి 27వ రోజున మందు, మనిషి మన వాడకు రావాలని మండల పశువైద్యశాలకు సంఘం తరఫున ముందే దరఖాస్తు ఇద్దాం.